చిత్త చుక్క, నీలిమందు పంచె

మా మావ ధర్మారావుని సొంత ఇంట్లోంచి బయటికి తోలింది ఒక నక్షత్రం. నవ్వకండి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పుకుని బతికే మనిషిని, మాటలు అల్లి చెప్పడం నాకు చేతకాదు. మా అత్త కుసుమకుమారి చైత్ర పున్నమి నాడు దీపాలు పెట్టే వేళ పోయింది. పంతులుగారు వచ్చి పంచాంగం తిరగేసి, "హస్త వెళ్ళిపోయిందమ్మా, చిత్త వచ్చేసింది. రెండు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి" అన్నారు.

మా వైపు కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇంట్లో ఉండకూడదు. ఒక్కో నక్షత్రానికి ఒక్కో గడువు. కొన్నిటికి ఆరు నెలలు కూడా ఉంది, చిత్తకి రెండు. శవాన్ని వాకిట్లోకి తెచ్చేశాక తలుపు మూసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప పెట్టేస్తారు. గడువు తీరి, శాంతి చేయించి, ఆవుని ముందు నడిపించేదాకా ఎవరూ లోపలికి పోవడానికి లేదు. అందుకని ఒక పక్క అత్తని వాకిట్లో పడుకోబెడుతుంటే, ఇంకో పక్క ఆడవాళ్ళు లోపలికి పరిగెత్తి గ్యాస్ పొయ్యి, బియ్యం డబ్బా, రెండు బొంతలు, చేతికందిన గిన్నెలు బయటికి మోసుకొచ్చారు. చూసేవాళ్ళకి ఇల్లు తగలబడుతోందేమో అనిపించేది.

"అరగంట ముందు పోనాదంటే ఈ బాద నేకపోను" అని ఒకావిడ అంది. "పంతులికి ఇంకాస్త ముందని సెప్పీవలసింది బావా, ఎవులు సూసొచ్చేరు" అని ఒక పెద్దమనిషి. నాకు ఒళ్ళు మండిపోయింది. పోవడానికి కూడా టైము చూసుకుని పోవాలా మా అత్త? నా నోరు మంచిది కాదు, అది ఊరందరికీ తెలుసు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని గిల్లకపోతే ఆ పూట ఏదో ఒకటి అనేసేదాన్ని. మావ మాత్రం అరుగు మీద కూచుని, "దీపాలెట్టిన యేళే" అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత ఏమీ మాట్లాడలేదు.

మావ అలా మాట్లాడకుండా ఉండడమే మాకు వింత. ఆయన మా అమ్మకి తమ్ముడు. మాది నరసన్నపేట, ఆయనది పేటకి స్కూటీ మీద పావుగంట దూరంలో ఉన్న పల్లె. మూడెకరాల పల్లపు భూమిలో వరి, కొంచెం మెట్టలో నువ్వులు. పొద్దున్న లేచింది మొదలు ఎవర్నో ఒకర్ని కేకలేస్తూ ఉంటాడు. గట్టు తెగితే కేకలు, కూరలో ఉప్పు తక్కువైతే కేకలు, కరెంటు పోతే కరెంటోళ్ళు వినకపోయినా కేకలు. అత్త ఒక చెవితో విని నవ్వేసేది. తన మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. అత్త ఆయనకంటే కొన్ని నెలలు పెద్ద. "అక్కని చేసుకున్నాడు కాబట్టి అలగ అరుస్తాడు, తమ్ముళ్ళందరూ అంతే" అని మా అమ్మ ఏడిపించేది.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క షోకు తెల్ల పంచె. లుంగీ కట్టిన పాపాన పోలేదు. పేట సంతకి వెళ్తే మడత నలగని పంచె ఉండాలి. దానికి గంజి ఎంత, నీలిమందు ఎంత అనే లెక్క అత్తకి తప్ప ఎవరికీ రాదు. చాకలికి వేయనిచ్చేది కాదు. బకెట్లో నీళ్ళు తీసుకుని, రెండు చుక్కలు నీలిమందు వేసి, చేత్తో తిప్పి, అందులో పంచె ముంచి తీసేది. మా చిన్నప్పుడు ఆ నీళ్ళు చూడ్డానికి మేము బావి దగ్గర కూచునేవాళ్ళం.

ఇల్లు మూశాక మావ కళ్ళంలో పాకలోకి మారాడు. అస్థికలు భావనపాడు దగ్గర సముద్రంలో కలిపి వచ్చి, దినకర్మలన్నీ ఆ కళ్ళంలోనే చేశారు. చుట్టాలు వెళ్ళిపోయారు. మా ఇంటికి రమ్మంటే రాలేదు. కూతురు ధనలక్ష్మిది గజపతినగరం, అల్లుడికి ఎరువుల కొట్టు ఉంది. అక్కడికి రమ్మంటే, "రెండు నెల్లు కానీ" అన్నాడు. ధనలక్ష్మి అప్పుడే నిర్ణయించేసుకుంది. ఇల్లు తెరిచిన రోజున శాంతి చేయించి, మళ్ళీ తాళం వేసి, భూమి కౌలుకిచ్చి, నాన్నని తీసుకుపోతుంది. ఒంటి మనిషి వండుకోలేడు, పైగా ఆరోగ్యం. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు.

కానీ నాకు భయం వేసింది. మావ ఆ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, వచ్చేపోయే వాళ్ళని చూస్తూ, ఎవర్నీ కేకలెయ్యకుండా మిగిలిపోతాడేమో అని. ఆ ఇంటి గుమ్మం ఆయన మళ్ళీ దాటతాడా, దాటకుండానే వెళ్ళిపోతాడా, అదే ఆ రెండు నెలలూ నా బుర్ర తినేసింది.

వేసవి సెలవులు వచ్చాయి కాబట్టి సాయంత్రం కేరేజీ పట్టుకెళ్ళే పని నాకు పడింది. వెళ్ళేసరికి ఆయన నులక మంచం మీద కూచుని ఉండేవాడు. కేరేజీ విప్పి పెడితే తినేవాడు. ఏం కూర అని అడిగేవాడు కాదు. ఒక రోజు పరీక్ష పెడదామని మా అమ్మ పులుసులో ఉప్పు వెయ్యకుండా పంపింది. తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. మావ మాత్రం ఒక్కసారి కూడా ఏడవలేదు, అత్తని ఎత్తినప్పుడు కూడా. ఏడవలేదని ఊళ్ళో చెవులు కొరుక్కున్నారు. వాళ్ళ సంగతి వదిలేయండి.

ఒక సాయంత్రం కేరేజీ గిన్నెలు సర్దుతుంటే ఆయనే నోరు విప్పాడు.

"ఒసే అనూరాదా. ఆ సిత్త అనీది ఎక్కడుంటాది?"

"ఏ చిత్త మావా?"

"నన్ను ఇంట్లోంచి తోలీసిందే, ఆ సిత్త. కార్తె తెలుసు. సిత్త కార్తెలో వానలు తెలుసు, తుపాన్లు తెలుసు. సుక్క ఎప్పుడూ సూడనేదు."

చూడ్డానికి వీల్లేదు మరి. చిత్త కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే రోజులు. ఎండ వెలుతురులో ఆ నక్షత్రం మునిగిపోయి ఉంటుంది. రైతు దాని పేరు తలుచుకునే రోజుల్లోనే అది కనబడదు. ఇవన్నీ చెప్పి, "ఇప్పుడైతే బాగా కనబడుతుంది, నీలం కలిసిన తెలుపు" అని లేచి తూర్పుకి చూపించాను. తాటిచెట్ల పైన ఒకటి గట్టిగా వెలుగుతోంది.

"తెల్లగా నేదే. జీడిపండు రంగులో ఉన్నాది" అన్నాడు మావ.

"కిందికి ఉంది కదా మావా, దుమ్ములోంచి చూస్తే అలాగే కనబడుతుంది" అన్నాను. టీచర్లకి ఇలాంటి సమాధానాలు నిద్రలో కూడా వస్తాయి.

ఆ తర్వాత రోజూ ఆయన దానికేసే చూస్తూ కూచున్నాడు. నాలుగైదు సాయంత్రాలు అయ్యాక నాకే అనుమానం వచ్చి ఫోన్లో ఆకాశం చూపించే యాప్ తెరిచాను. అది స్వాతి. సప్తర్షుల తోక వంపు పట్టుకుని పోతే ముందు స్వాతి వస్తుంది, అదే వంపులో ఇంకా కిందికి దిగితే చిత్త. నేను సగం దారిలో ఆగిపోయాను. పది క్లాసులకి పాఠం చెప్పిన మనిషిని, సిగ్గుతో చచ్చిపోయాను.

"మావా, తప్పు చుక్క చూపించాను. అది కాదు, ఇటు చూడు, ఆగ్నేయం వైపు."

ఆయన మెల్లగా తల తిప్పాడు. "అయితే ఇన్నాల్లూ ఏరేదాని మీద కోపం పెట్టుకున్నాను" అన్నాడు. "పాపం, దానికేటి తెలుసు."

అసలు చిత్త అంత ఆర్భాటంగా ఉండదు. చుట్టుపక్కల వేరే పెద్ద చుక్కలు లేకుండా ఒంటరిగా ఉంటుంది. కానీ దాని రంగు చూసినవాళ్ళు మర్చిపోరు. మామూలు తెలుపు కాదు. తెలుపు మీద ఎవరో లేతగా నీలం అద్దినట్టు ఉంటుంది. ఆ సాయంత్రం గాలి తేటగా ఉంది, బాగా కనబడింది. నేను ఆలోచించకుండా, "నీలిమందు పెట్టి ఉతికిన పంచె రంగు చూడు మావా" అన్నాను.

నేను స్కూటీ తాళం వెతుక్కుంటుంటే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. గొంతులో ఎత్తూ పల్లం లేవు. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

ఆ పున్నమి నాడు కుళాయి సాయంత్రం వచ్చింది. మర్నాడు సంత ఉందని అత్త ఆయన పంచె ఉతికింది. నీలిమందు సీసా చేతిలోంచి జారిందో, కళ్ళు తిరిగాయో, బకెట్లో ఎక్కువ పడిపోయింది. పంచె అంతా నీలం నీలంగా అయింది. పొద్దు పోయింది కదా అని బయట ఆరెయ్యకుండా పెరటి వసారాలో దండేనికి వేసింది. మావ వచ్చి చూశాడు. చూసి ఎప్పట్లాగే అరిచాడు.

"'ఇదేటే ఇది, సీసా వొంపీసినావా? ఇది కట్టుకుని సంతకెల్తే మొగం మీద నవ్వరా నన్ను? ఇన్నాల్లొచ్చినా నీకు పని రానేదు' అన్నాను. అదేటన్నాదో తెలుసా? 'ఎండలో ఆరితే పోతాదిలే' అన్నాది. అనీసి గోడకి జేరబడ్డాది. దీపం ఎట్టు అన్నాను. ఎట్టనేదు."

నేను తాళం మంచం మీద పెట్టేసి కూచున్నాను.

"అది ఇన్న ఆకరి మాట అదే. నీకు పని రానేదు అన్నాను." ఇంటివైపు చూపించి, "ఆ పంచె అలగే ఉన్నాది దండేనికి. ఆ అడావిడిలో తడిబట్ట ఎవులు సూస్తారు. దాన్ని సూడ్డానికి నాను లోపలికెల్లనే పిల్లా. లచ్చిమి రమ్మన్నాది కదా, అలగే ఎల్లిపోతాను" అన్నాడు.

అది సంగతి. ఆయనకి గుమ్మం దగ్గర ముళ్ళకంప కాదు అడ్డం, పెరట్లో దండెం. ఇంటికి వస్తూ దారిపొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను, ఆ నీలిమందు మాట ఎందుకన్నానా అని. తిట్టుకుని లాభం ఏముంది.

మర్నాటి నుంచి నేను మాట మార్చడానికి నక్షత్రాన్నే పట్టుకున్నాను. దాని గురించి ఎంత చెబితే అంత మంచిది, పంచె మర్చిపోతాడు అనుకున్నాను. నీలంగా ఎందుకుంటుందో చెప్పాను. "కర్రల పొయ్యి మంట ఎర్రగా ఉంటుంది, గ్యాస్ మంట నీలంగా ఉంటుంది. ఏది ఎక్కువ వేడి? ఇదీ అంతే. మన సూర్యుడికంటే నాలుగు రెట్లు వేడి. అలాంటి సూర్యుళ్ళని పదివేలు ఒక్కచోట పోసినా దాని వెలుగుకి చాలవు."

"మరి ఇంత సిన్నగా ఉన్నాదేటి?"

"దూరం మావా. దాని వెలుగు ఇక్కడికి రావడానికి రెండొందల యాభై ఏళ్ళు పట్టింది."

"అయితే ఇప్పుడున్నాదో నేదో తెలీదన్నమాట."

ఈ మాట ప్రతి ఒక్కరూ అంటారు, ప్రతి ఒక్కరి మీదా నాకు చిరాకే. "ఉంది మావా. అలాంటి చుక్క కోటి ఏళ్ళకి పైనే బతుకుతుంది. రెండొందల యాభై ఏళ్ళు దానికి ఒక పూట కూడా కాదు. నిక్షేపంలా ఉంది."

"ఉండనీ" అన్నాడు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్టు.

స్కూల్లో పెట్టెలో పడి ఉన్న టెలిస్కోపుని హెడ్మాస్టరు గారిని అడిగి, స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చాను. అప్పటికి రోహిణి కార్తె. పొద్దు వాలినా నేల కాలుతోంది. కళ్ళంలో నువ్వుల కట్టలు నిలబెట్టి ఆరేశాడు, వాటి మధ్యన స్టాండు నిలబెట్టాను. నువ్వులు కోసిందీ ఆరేసిందీ ఆయనే. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతున్నాయి, మనిషి మాత్రం ఎక్కడో ఉన్నాడు. చిత్త ఇదివరకటి కంటే బాగా పైకి వచ్చింది. రోజూ కాస్త ముందే వస్తోందని ఆయనే గమనించాడు.

కన్ను పెట్టి చూశాడు. "ఇంతేనా? ఉత్త కంటికి సుక్క, దీంట్లోనూ సుక్కే. వొణుకుతన్నాది."

"నక్షత్రం ఏ అద్దంలో చూసినా చుక్కే మావా. కానీ అది ఒకటి కాదు, రెండు. రెండూ నీలమే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు రోజులకో చుట్టు తిరిగేస్తాయి. ఎంత దగ్గరంటే, ఒకదాన్నొకటి లాక్కుని కోడిగుడ్ల మాదిరి సాగిపోయాయి."

"మరి రెండు అని ఎలగ తెలిసింది?"

"వెలుగుని ఇంద్రధనుస్సులాగ విడగొట్టి చూస్తే అందులో నల్లగీతలు ఉంటాయి. ఒక చుక్క మన వైపు వస్తుంటే గీతలు ఇటు జరుగుతాయి, అటు పోతుంటే అటు జరుగుతాయి. ఇక్కడ రెండు జతల గీతలు ఒకదానికొకటి ఎదురెదురుగా జరుగుతుంటాయి. దాన్ని బట్టి రెండు అని తేల్చారు."

మొదటిసారి ఆయన ఏదో విన్నట్టు అనిపించింది. మంచం మీద కూచున్నాడు.

"ఆ రెంటిలో ఏది ముందు పోతాది?"

"పెద్దది. బరువెక్కువున్నది తొందరగా మండిపోతుంది."

"పెద్దదే" అని తలూపాడు. అత్త ఆయనకంటే పెద్దదన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు లేదు. ఉంటే నోరు మూసుకునేదాన్ని.

"మరి సిన్నదానికేటవుతాది?"

అప్పటికైనా ఆగాలా? పాఠం మధ్యలో ఉంటే నేను ఆగను, అది నా జబ్బు. "పెద్దది పేలిపోయాక చిన్నదాన్ని పట్టి ఉంచేది ఉండదు కదా. తిరుగుతున్న ఊపులో ఎటో విసిరేసినట్టు వెళ్ళిపోతుంది. ఒక్కటే."

"ఎక్కడికి?"

"ఎక్కడికని ఏముంది మావా. అలా పోతూ ఉంటుంది."

"గజపతినగరం" అన్నాడు మావ.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన మొహంలో ఏమీ లేదు. లేచి వెళ్ళి నువ్వుల కట్టలు సర్దుకున్నాడు.

జ్యేష్ఠంలో పున్నమి ఇంకా కొన్ని రోజులుందనగా ఒక సాయంత్రం వెళ్ళేసరికి ఆయన కళ్ళం మధ్యన నిలబడి ఉన్నాడు. చంద్రుడు చిత్త పక్కనే ఉన్నాడు, చెయ్యి చాపి చూస్తే మధ్యలో పిడికెడు ఎడం కూడా లేదు.

"ఇవేల సిత్తేనా?" అన్నాడు.

ఫోన్లో పంచాంగం చూశాను. చిత్తే.

"అది నన్ను తోలీసిన రోజు సంద్రుడు నిండుగా ఉన్నాడు. పోయిన నెల కొంచెం తక్కువ. ఇవేల ఇంకా తక్కువ. తక్కువైనా దీని దగ్గరకొస్తన్నాడు. మాసికం తిది బట్టి పెడతన్నాం గానీ, సుక్క బట్టి అయితే ఇవేలే పెట్టాల."

"పెడదామా?"

"వొద్దు." తర్వాత, "వొచ్చీవోరం ఇల్లు తీస్తారు కదా" అన్నాడు.

అప్పుడు నేను ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాట బయటపెట్టాను. "మావా, ఆవు లోపలికెళ్ళగానే నేను ముందు వెళ్ళి ఆ పంచె తీసేస్తాను. నువ్వు చూడక్కర్లేదు."

"తీసీసి?"

"ఉతికేస్తాను."

"ఉతికితే నీలం పోతాది" అన్నాడు. పోతే మంచిదో చెడ్డదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇల్లు తెరిచే రోజున ముసురు పట్టింది. మృగశిర వాన, పెద్దగా కాదు, ఒళ్ళు తడిసేంత. ధనలక్ష్మి ముందురోజే వచ్చింది, ఆటో మాట్లాడి ఉంచింది. కౌలుకి తీసుకునే మనిషి కూడా అరుగు చివర కూచున్నాడు. పంతులుగారు వాకిట్లో శాంతి చేసి, ముళ్ళకంప తీయించి, నీళ్ళు చల్లి, ఆవునీ దూడనీ లోపలికి నడిపించారు. ఆవు నడవలోకి వెళ్ళి శుభ్రంగా పేడ వేసింది. అందరూ శుభం అన్నారు.

నేను లోపలికి దూరేలోపే పంతులుగారు, "ఇంట్లో ఉన్న బట్టలన్నీ మైలే. అన్నీ బయటపడేసి చాకిరేవుకి పంపండి" అన్నారు. ధనలక్ష్మి, పక్కింటి ఆడవాళ్ళు నాకంటే ముందు వెళ్ళిపోయారు. దుప్పట్లు, చీరలు, తువ్వాళ్ళు ఒక్కొక్కటే వాకిట్లోకి వచ్చి పడ్డాయి. అత్త చీరలు చూసి మా అమ్మ గోడవైపు తిరిగిపోయింది. మావ మెట్ల కింద నిలబడ్డాడు. ఒక మెట్టు కూడా ఎక్కలేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు. అయిపోయింది, ఇంక ఈ మనిషి ఇలాగే తిరిగి ఆటో ఎక్కేస్తాడు అనుకున్నాను.

అప్పుడు పంచె వచ్చి పడింది. నీళ్ళు పిండి దండెం మీద వేసింది వేసినట్టే ఎండిపోయి అట్టలాగ ఉంది. మధ్యలో దండెం గీత. ఎండ తగల్లేదు కదా, నీలం ఏమాత్రం వెలిసిపోలేదు. మడతల దగ్గర ముదురుగా, మిగతా చోట లేతగా, పైన బల్లి మరకలు.

"ఇదేటి ఇంత నీలంగా ఉన్నాది, పాడైపోనాది, పారీండి" అంది ధనలక్ష్మి గుమ్మంలోంచి. ఆ పిల్లకి ఏమీ తెలీదు.

మావ వంగి ఆ పంచె తీశాడు. దులిపాడు. పంతులుగారు "మైల బట్ట, మైల బట్ట" అంటూనే ఉన్నారు. కట్టుకున్న పంచె మీదే దాన్ని చుట్టుకుని, కుచ్చెళ్ళు పెట్టి, లోపలికి దోపుకున్నాడు. అట్టకట్టిన బట్ట మాట వినలేదు, చేత్తో నొక్కుకుంటూ కట్టాడు. మెట్లెక్కి గుమ్మం దాటాడు. నడవలోంచి తిన్నగా పెరటి వసారాలోకి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను.

దండెం కింద, అత్త జేరబడిన గోడ దగ్గర నిలబడ్డాడు.

"కుసుమా" అన్నాడు. "బాగానే ఉన్నాదే. నీలం సరిపోనాదే."

ఇంకోసారి అన్నాడు, ఈసారి ఆయన పాత గొంతుతో, ఊరంతా వినేటట్టు. "బాగానే ఉన్నాదే అంటన్నాను, ఇనపడ్డం నేదా?" అని గోడకేసి అరిచి, అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలాగ ఏడ్చాడు. రెండు నెలలు దాచిందంతా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. వాకిట్లో వాళ్ళంతా ఏడ్చారు, చివరికి కౌలు మనిషి కూడా.

ధనలక్ష్మి ఆటోని పంపించేసింది.

ఇప్పుడు మావ ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. నారు పోశాడు, నాట్లు వేశాడు. వంటకి మనిషిని పెడితే మూడు రోజుల్లో కేకలేసి పంపించేశాడు. మేము సంతోషించాం. సంత రోజున పేటలో కనబడతాడు, ఒంటి మీద ఆ నీలం పంచె. కొట్లో వాళ్ళు నవ్వుతారు. "ఏటి మావా, నీలిమందు సీసా వొంపీసినారా?" అంటారు. ఆయన సంచి భుజాన వేసుకుంటూ, "ఎండలో ఆరితే పోతాదిలే" అంటాడు.

అంటాడు గానీ, దాన్ని ఎండలో ఆరెయ్యనివ్వడు. సబ్బు పెట్టకుండా ఉత్త నీళ్ళలో జాడించి, ప్రతిసారీ తీసుకెళ్ళి వసారాలో ఆ దండేనికే, నీడనే వేస్తాడు.